రాత్రి పదకొండింటి క్లాసు

అక్టోబరు ఆఖరి ఆదివారం దాటితే మా ఇంట్లో రాత్రిళ్లు ఇంకో గంట పొడుగవుతాయి. ఆ రోజు బ్రిటన్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి, అప్పటిదాకా రాత్రి పదింటికి మొదలయ్యే నా ఆన్‌లైన్ క్లాసు పదకొండింటికి మారుతుంది, మళ్లీ మార్చి ఆఖరి ఆదివారం దాకా అంతే. అక్కడివాళ్లకది సాయంత్రం ఐదున్నర. నాకు మాత్రం వంట, కాలేజీ, పేపర్లు దిద్దడం, అమ్మకు మాత్రలు ఇవ్వడం అన్నీ అయ్యాక మిగిలిన టైం అది. నవంబరులో ముసురు పట్టిందంటే మా నెల్లూరులో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, అందుకని రౌటర్‌ని ఇన్వర్టర్‌కి కలిపించి, ఫోన్‌లో డేటా కూడా వేయించి పెట్టుకుంటాను.

నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతాను. వయసు 44. బ్రిటన్‌లోని ఒక యూనివర్సిటీ నుంచి కౌన్సెలింగ్‌లో పీజీ చేస్తున్నాను, పార్ట్‌టైమ్, మూడేళ్ల కోర్సు, ఇది రెండో ఏడు. అక్కడ మాస్టర్స్ డిగ్రీ అంటే 180 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి పది గంటల పని లెక్క, అంటే మొత్తం 1800 గంటలు. మూడేళ్లకు సర్దితే వారానికి పదకొండు పన్నెండు గంటలు పడుతుంది. చేరేముందు ఈ లెక్క కాగితం మీద వేసుకుని ఇదేం పెద్ద పనిలే అనుకున్నాను. ఆ పన్నెండు గంటలూ నిద్రలోంచి, ఆదివారాల్లోంచి రావాలని మొదటి అసైన్‌మెంట్ అప్పుడు తెలిసింది.

ఈ వయసులో ఇదెందుకక్కా అని స్టాఫ్‌రూంలో చాలామంది అడిగారు. ఇంటర్ పిల్లల మధ్య ఇరవై ఏళ్లు ఉన్నదాన్ని. మార్కులు వచ్చిన రోజు, హాస్టల్లో పిల్లల్ని దింపి అమ్మానాన్నలు వెనక్కి తిరిగిన సాయంత్రం, ఆ ముఖాలు ఎట్టా ఉంటాయో రోజూ చూసేదాన్ని. నా దగ్గరికి వచ్చి కూర్చునే పిల్లలుండేవాళ్లు. వాళ్లకు నేను ఏం చెప్పేదాన్నో తల్చుకుంటే ఇప్పుడు బాధగా ఉంటుంది. ధైర్యంగా ఉండు, టెన్షన్ పడొద్దు, మీ నాన్న కష్టం గుర్తు చేసుకో అనేదాన్ని. ఆ చివరి మాట ఎంత బరువో నాకు తెలియాలి నిజానికి, ఎందుకంటే అది నా మీద కూడా మోపిన బరువే.

ఇట్టాంటి కోర్సు చేద్దామని ఆలోచించేవాళ్లు ఎక్కువగా అడిగే సంగతి ముందు చెప్పేస్తాను. ఈ డిగ్రీ చేతిలో ఉంటే చాలదు. బ్రిటన్‌లో కౌన్సెలర్ అనే పేరుకు చట్టపరమైన కట్టడి లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు, అందుకే అక్కడివాళ్లు సంఘాల గుర్తింపు చూస్తారు. బీఏసీపీ అనే సంఘం గుర్తించిన కోర్సులో కనీసం 100 గంటలు నిజమైన మనుషులతో, సూపర్‌విజన్ కింద, అంటే అనుభవమున్నవాళ్ల పర్యవేక్షణలో, కూర్చుని ఉండాలి. మన దగ్గర క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, అది వేరే చదువు, నా చదువు దానికి పనికిరాదు. ఇక విదేశీ డిగ్రీ ఇక్కడి డిగ్రీతో సమానమని లెక్కలోకి రావడానికి విడిగా దరఖాస్తు, విడిగా నిబంధనలు ఉన్నాయి, 2025లో యూజీసీ కొత్త నియమాలు కూడా తెచ్చింది. ఆన్‌లైన్ కోర్సు అయితే ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఏజెంటు మాట నమ్మొద్దు. నాకు ఈ డిగ్రీతో ఉద్యోగం మారాలని లేదు కాబట్టి చేరాను, ఉద్యోగం కోసమే అయితే నేను కూడా వేరే దారి చూసుకునేదాన్ని. ఫీజు మాడ్యూల్ వారీగా కట్టుకోవచ్చు, ప్రతిసారీ బ్యాంకుకు పోయి, విదేశాలకు డబ్బు పంపడానికి ఇచ్చే ఏ2 ఫారం నింపి పౌండ్లలో పంపాలి, మధ్యాహ్నం పర్మిషన్ పెట్టుకుంటే సరిపోతుంది.

ఇదంతా ఒక ఎత్తు. అసలు చదువు ట్రయాడ్‌లో ఉంది. ముగ్గుర్ని ఒక జట్టుగా చేస్తారు, ఒకరు కౌన్సెలర్, ఒకరు క్లయింట్, మూడోవాళ్లు చూస్తూ రాసుకుంటారు, ఇరవై నిమిషాలయ్యాక మారతారు. నాటకం ఆడకూడదు, క్లయింట్‌గా కూర్చున్నవాళ్లు తమ సొంత విషయమే చెప్పాలి. కౌన్సెలర్‌గా కూర్చున్నవాళ్లు సలహా ఇవ్వకూడదు. ఈ ఒక్క నియమం నన్ను నాలుగు నెలలు ఏడిపించింది. అమెరికా సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ 1957లో రాసిన వ్యాసంలో మనిషి మారడానికి ఆరు షరతులు చెప్పాడు, అందులో కౌన్సెలర్ వైపు నుంచి కావాల్సినవి మూడు. పైకీ లోపలా ఒకటిగా ఉండటం, ఎదుటి మనిషిని ఏ షరతూ లేకుండా ఆదరించడం, వాళ్ల లోపలి లోకాన్ని వాళ్ల కళ్లతో చూడగలగడం. అందులో ఎక్కడా దారి చూపించడం అనేది లేదు. వ్యాసం మీద నాకు మంచి మార్కులే వచ్చాయి. కానీ ట్రయాడ్‌లో అవతలి అమ్మాయి వాళ్ల అక్కతో మాటలు లేవని చెప్పడం మొదలుపెట్టిన మూడో నిమిషానికి, మీరే ముందు ఫోన్ చేయొచ్చు కదా అని నా నోట్లోంచి వచ్చేసింది.

మన దగ్గర ఎవరైనా కష్టం చెప్పుకుంటే ఊరికే వింటూ కూర్చోవడం మర్యాద కాదు. ఏదో ఒకటి చెప్పాలి, ఓర్చుకోమనాలి, ఫలానా డాక్టరు మంచోడని చెప్పాలి, ఫలానా గుడికి పొమ్మనాలి. ఏమీ అనకపోతే వీళ్లకు పట్టలేదు అనుకుంటారు. ఇందులో ప్రేమ లేదని నేను అనను, చాలా ఉంది. కానీ ఆ మాట అందుకున్న మనిషి అక్కడితో ఆగిపోతాడు, ఇంకా చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోతుంది.

రెండో టర్మ్‌లో ఒక రాత్రి నేను క్లయింట్‌ని. మా నాయన గురించి చెప్పాలనుకున్నాను. అల్లూరు దగ్గర మా ఊళ్లో మాకు రెండెకరాల రొయ్యల గుంటలుండేవి. తొంభైల మొదట్లో వరి చేలు గుంటలయ్యాయి, చేతిలో డబ్బు ఆడింది, టైగర్ రొయ్య కిలో రేటు తప్ప ఊళ్లో ఇంకో మాట లేదు. 1994లో వైట్ స్పాట్ వచ్చింది. ఆ వైరస్ తగిలితే రొయ్య మేత మానేసి గట్టు దగ్గరికి వచ్చేస్తుంది, పెంకు మీద తెల్ల మచ్చలు, వారం పది రోజుల్లో గుంట మొత్తం పోతుంది. మాకు వరసగా రెండు పంటలు పోయాయి. నాయన గుంట కనపడేట్టు వరండాలో మంచం వేసుకుని పడుకునేవాడు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఊరంతా వచ్చి చెప్పిపోయారు, పోయింది నీ ఒక్కడికేనా, ఆడపిల్ల ఉంది, గుండె దిటవు చేసుకో అని. ఆయన అందరికీ తల ఊపాడు. తర్వాత పదహారేళ్లు బతికాడు కానీ ఆ గుంటల ఊసు మాత్రం మా ఎవరితోనూ ఎత్తలేదు.

ఇదంతా నేను ఇంగ్లిష్‌లో చక్కగా చెప్పాను. వాక్యాలు సరిగ్గా ఉన్నాయి, పాఠం చెప్పినట్టు ఉంది. గొంతులో ఏమీ కదల్లేదు. టీచర్ ఆన్‌లైన్‌లో మా ముగ్గురికీ ఇచ్చిన గదిలోకి వచ్చి కాసేపు విని, మీ భాషలో చెప్పండి, మాకు అర్థం కాకపోయినా పర్వాలేదు అంది. నేను సరే అని, నాయనా అన్నాను. ఆ ఒక్క మాటకే నాకు ఏడుపొచ్చేసింది. తర్వాత ఏం మాట్లాడానో సరిగ్గా గుర్తులేదు, గుంట వాసన గురించి, ఆయన గళ్ల లుంగీ గురించి, ఆయనకు పురుగుమందు డబ్బా కనపడకుండా అమ్మ దాచిన రోజు గురించి అనుకుంటాను. అవతల కౌన్సెలర్‌గా కూర్చున్న అతనికి ఒక్క ముక్క తెలీదు. కదలకుండా కూర్చున్నాడు. చూపు తిప్పలేదు. ముప్పై ఏళ్లలో ఆ విషయం గురించి నాకు ఎవరూ ఏ సలహా ఇవ్వకుండా కూర్చోవడం అదే మొదటిసారి.

తర్వాత వాళ్లు అడిగారు, బెంగ అని చాలాసార్లు అన్నారు, అంటే ఏంటి అని. పావుగంట చెప్పాను. దిగులు కాదు, భయం కాదు, డిప్రెషన్ అసలే కాదు. పిల్లకు తల్లి మీద ఉంటుంది, ఊరు వదిలినవాడికి ఊరి మీద ఉంటుంది, దాంతో అన్నం సహించదు, జ్వరం కూడా వస్తుంది. అప్పటినుంచి ఒక నోట్‌బుక్ పెట్టాను. మన మనుషులు బాధను ఏ మాటల్లో చెబుతారో రాసుకుంటున్నాను. ఏమీ తోచడం లేదు, గుండెలో బరువుగా ఉంది, కడుపులో దేవినట్టుంది, మనసు మనసులో లేదు, కాళ్లల్లో సత్తువ లేదు. మనవాళ్లు బాధను ఒంట్లో చూపిస్తారు. మీకు ఎలా అనిపించింది అని పుస్తకంలో ఉన్నట్టు అడిగితే బాగానే ఉందమ్మా అంటారు, రాత్రి నిద్ర పడుతోందా అని అడిగితే గంట మాట్లాడతారు. ఇది నాకు ఏ మాడ్యూల్లోనూ దొరకలేదు.

ఒక అసైన్‌మెంట్‌లో రొట్టెల పండగ గురించి రాశాను. మొహర్రంలో మా నెల్లూరు స్వర్ణాల చెరువులో, బారా షహీద్ దర్గా పక్కన, జనం నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు అడిగి తీసుకుంటారు, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె, సంతానం రొట్టె. ఇంట్లో అత్తకు కూడా చెప్పుకోని మాటను ఒక ఆడమనిషి మోకాళ్లలోతు నీళ్లలో, కులం మతం తెలియని ఇంకో మనిషి ముందు పైకి చెబుతుంది. అవతలి మనిషి ఎందుకు ఏమిటి అని అడగదు, చేతిలో రొట్టె పెడుతుంది. అక్కతో మాటలు లేని ఆ అమ్మాయే ఇది చదివి ఫోటోలు పంపమని అడిగింది.

ఆ 100 గంటల కోసం నెల్లూరులో మూడు చోట్ల తిరిగాను. ఒక చోట సంతకం పెట్టిస్తాం, రావాల్సిన పని లేదు అన్నారు. ఆ మాట విని బయటికి వచ్చి బండి మీద కాసేపు అట్టాగే కూర్చున్నాను. చివరికి ఆడవాళ్ల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో చోటు దొరికింది, శని ఆదివారాల మధ్యాహ్నాలు. ఇప్పటికి 37 గంటలయ్యాయి. సూపర్‌వైజర్ చెన్నైలో ఉంటారు, వారం విడిచి వారం వీడియోలో మాట్లాడతారు. అక్కడికి వచ్చేవాళ్ల గురించి ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయను, పేర్లు మార్చి కూడా రాయను. నన్ను అక్కా అనే పిలుస్తారు. అట్టా పిలిపించుకోవచ్చా అని సూపర్‌వైజర్‌ని అడిగాను. పిలవనివ్వండి, అయితే అక్క చేసే పనులు మాత్రం చేయకండి అన్నారు, అంటే డబ్బు సర్దడం, మొగుడితో మాట్లాడటం, ఇంటికి పోవడం లాంటివి. మంచి మాట.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఇప్పుడే మనసు తట్టుకోలేనట్టుంటే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

పోయిన వారం క్లాసుకు ముందు ల్యాప్‌టాప్ పెట్టుకుంటుంటే అమ్మ లేచి వచ్చింది. ఏం మే, ఇంకా పడుకోలా అంది. క్లాసుందమ్మా అన్నాను. వెళ్లకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. వాన పడుతోంది. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

"మీ నాయన కూడా ఇట్నే మేలుకోనుండేవాడు. గుంటలు పోయిన ఏడు. రోజూ రాత్రి, నిద్రపోయినావా అని అడిగేవాడు నన్ను. మేలుకోనే ఉండేదాన్ని. ఏం మాట్లాడాలో తెలీక, పడుకో పొద్దున లేవాల అనేదాన్ని."

అమ్మా నువ్వేం చేస్తావులే, నీ తప్పేముంది అని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. అమ్మ చేతి మీద చెయ్యి వేసి అట్టాగే ఉన్నాను. చాలాసేపయ్యాక, ఒకసారి మాత్రం నేను పడుకో అనలేదు, లేచి కూర్చున్నా, అంది.

పదకొండు కొట్టింది. ల్యాప్‌టాప్ మూసి, ఆ రోజు ఏం జరిగిందమ్మా అని అడిగాను.