కార్తీక దీపానికి ఒక పుస్తకం వేశాను

కావలి ట్రంకు రోడ్డులో మాది డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ రికార్డులే మా పని. నా పేరు మీద వేసుకున్న పుస్తకం మాత్రం ఒక్కటే, అదీ 'కార్తీక దీపం' సీరియల్ మీద. కథ మళ్లీ చెప్పే పుస్తకం కాదు. సీరియల్ చూస్తూ చూస్తూ మధ్యలో దారి తప్పిన వాళ్లు పక్కన పెట్టుకుని తిరగేసేది.

2017 అక్టోబర్‌లో స్టార్ మాలో మొదలై 2023 జనవరిలో ముగిసేసరికి 1569 ఎపిసోడ్లయ్యాయి. మలయాళం 'కరుతముత్తు'కి ఇది రీమేక్. కథానాయిక దీప వేషం వేసిన ప్రేమి విశ్వనాథ్ అక్కడా అదే వేషం వేసింది. ఇవన్నీ రాయడం తేలికే. ఎపిసోడ్ల వారీగా కథ రాద్దామని కూర్చున్నప్పుడే అసలు టెన్షన్ మొదలైంది. ఎంత రాసినా తరగదు, చదివితే విసుగు.

తెలిసిన లాయరుగారిని అడిగితే ఆయన ఇంకో మాట చెప్పారు. కథంతా కుదించి రాసినా కాపీరైట్ చట్టం కిందికి రావచ్చట. విమర్శగా, సమీక్షగా రాస్తే 1957 చట్టంలోనే కొంత వెసులుబాటు ఉందట. సీరియల్ ఫొటోలు, చానల్ లోగో మాత్రం అట్ట మీద వద్దన్నారు. వంటలక్క, అంటే దీప బొమ్మ లేకుండా పుస్తకం ఎవరు కొంటారని మా ఆయన గొణిగాడు. నేను దీపం ప్రమిద ఒకటి గీయించి వేశాను.

అప్పుడు పుస్తకాన్ని రహస్యాల వారీగా విడగొట్టాను. ఆలోచిస్తే ఆ సీరియల్ నడిచిందే వాటి మీద. దీప నల్లగా ఉందన్న చిన్నచూపు ఒకవైపు, ఆమె భర్త డాక్టర్ కార్తీక్‌కి పిల్లలు పుట్టరని, అతన్ని ప్రేమించిన మోనిత నాటిన అనుమానం ఇంకోవైపు. వాళ్ల కవల కూతుళ్లలో సౌర్య తల్లి దగ్గర, హిమ నాయనమ్మ సౌందర్య ఇంట్లో పెరగడం. ఒక్కో నిజానికి ఒక్కో పేజీ పెట్టి, అది ముందు ఎవరికి తెలిసింది, ఎవరు దాచారు, డాక్టర్ బాబుకి ఎంత ఆలస్యంగా చేరింది అని పట్టిక వేశాను. నా లెక్కన పుస్తకంలో పనికొచ్చే భాగం అదే. పిల్లలు పెద్దయ్యాక వచ్చిన కథకి నాలుగు పేజీలు చాలనిపించింది.

ప్రూఫులు మా పక్కింటి రమణత్త చూసింది. "ఏందే ఇది, ఆటో నడిపింది సౌర్య గదా, హిమ డాక్టరు. మళ్లీ చూసి రాయి" అని ఎర్ర పెన్నుతో కొట్టేసింది. హాట్‌స్టార్‌లో సరిచూస్తే ఆమె మాటే నిజం. టైపులో పేర్లు తారుమారయ్యాయి.

నెల్లూరు ప్రెస్సుకి ఫైలు పీడీఎఫ్‌గానే ఇచ్చాం. అను అనే తెలుగు ఫాంట్లలో ఉన్న ఫైలు నేరుగా ఇస్తే వేరే కంప్యూటర్లో ఒత్తులు ఎగిరిపోతాయి. డెమ్మీ సైజు, ఆరు ఫారాలు, అంటే 96 పేజీలు. తక్కువ కాపీలకి ఆఫ్‌సెట్ ప్లేట్ల ఖర్చు దండగ కాబట్టి డిజిటల్‌లో వేయించాం. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్‌కి ఆన్‌లైన్లో రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీకి దరఖాస్తు పెట్టాను. దానికి ఫీజు లేదు. రచయితే ప్రచురించుకున్నా ఇస్తారు. మధ్యలో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

చాలామందికి తెలియని పని ఒకటుంది. పుస్తకం వచ్చిన 30 రోజుల్లోపు కోల్‌కతా నేషనల్ లైబ్రరీకీ, ఇంకో మూడు పెద్ద లైబ్రరీలకూ తలా ఒక కాపీ మన ఖర్చుతో పంపాలి. 1954 నాటి చట్టం అది. పోస్టాఫీసులో గుమాస్తా అడ్రసు చూసి, లోపల ఏముందని అడిగాడు. వంటలక్క అన్నాను. నవ్వి, తనకీ ఒక కాపీ తెమ్మన్నాడు.

ఇదే పేరుతో 2024లో మొదలైన రెండో సీరియల్ 'నవ వసంతం' ఎందుకు కలపలేదని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. మనుషులు వాళ్లే, పేర్లు వాళ్లవే, కథ మాత్రం వేరు. ఈ పట్టికల్లో దాన్ని దూరిస్తే రమణత్త ఊరుకోదు.