ఇల్లు మాది, కాగితాలు బ్యాంకువి

సంక్రాంతికి ముందే మా ఇంటి లోన్ తీరిపోయింది. ఇంటి కాగితాలు మాత్రం ఉగాది వెళ్ళాక గానీ చేతికి రాలేదు. మధ్యలో ఏం జరిగిందో వివరంగా రాయమని మా ఆడపడుచు ఒకటే పోరు. వాళ్ళ లోన్ కూడా ఆఖరికొచ్చిందట. బ్యాంకు పేరు రాయను. సెంటరుకో బ్రాంచి, బ్రాంచికో టోకెన్ మిషన్ ఉన్న పెద్ద బ్యాంకు, అంతవరకు చాలు.

గుంటూరు కొరిటెపాడులో 150 గజాల స్థలం మా మావయ్యగారు 1987లో కొన్నారు. మిర్చి కమిషన్ కొట్లో గుమాస్తాగా చేస్తూ, చీటీ పాడుకుని కొన్న స్థలం. తర్వాత దాన్ని మా వారి పేర సెటిల్‌మెంట్ రాశారు, అంటే డబ్బు తీసుకోకుండా ఇంట్లోవాళ్ళకే రాసివ్వడం. 2010లో మేమిద్దరం కలిసి లోన్ తీసుకుని ఇల్లు కట్టుకున్నాం. అప్పుడు బ్యాంకుకి అన్నీ ఒరిజినల్సే ఇచ్చాం. 1987 నాటి క్రయ దస్తావేజు, సెటిల్‌మెంట్ దస్తావేజు, కార్పొరేషన్ ప్లాను, ఆస్తి మీద ఏ లావాదేవీలున్నాయో చూపే ఈసీ. ఏ కాగితం ఎన్ని పేజీలో, ఒరిజినలో జిరాక్సో రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టి ఒక లిస్టు చేతికిచ్చారు. మా వారు దాన్ని స్కూటర్ డిక్కీలో వదిలేస్తే నేను తీసి బీరువాలో పెట్టాను. తర్వాత కథంతా ఆ లిస్టు మీదే నడిచింది.

నాకు బ్రాడీపేటలో మ్యాచింగ్ సెంటర్ ఉంది. అద్దె ఏటేటా పెరుగుతోంది. పట్టాభిపురంలో కింద కొట్టు, పైన ఇల్లుగా పనికొచ్చే పాత డాబా ఒకటి బేరానికొచ్చింది. కొరిటెపాడు ఇల్లు అమ్మి అది కొందామనుకున్నాం. సత్తెనపల్లి నుంచి ఒకాయన వచ్చి ఇల్లు చూసుకున్నారు, బేరం కుదిరింది, అగ్రిమెంట్ రాసుకుని అడ్వాన్స్ ఇచ్చారు. ఆ అడ్వాన్స్‌తో మిగిలిన లోన్ మొత్తం ఒకేసారి కట్టేశాం. కట్టేముందు కాల్ సెంటర్లో అమ్మాయి రెండు శాతం ఛార్జీ పడుతుందంది. ఫ్లోటింగ్ వడ్డీ, అంటే మారుతూ ఉండే వడ్డీ మీద ఉన్న ఇంటి లోన్ ముందుగా తీర్చేస్తే ఛార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది. ఆ మాట అనగానే 'ఒక్క నిమిషం మేడమ్' అని పక్కకెళ్ళొచ్చి, 'మీకు లేదు మేడమ్' అంది. నాకు లేదా, ఎవరికీ లేదా అని అడగబోయి ఊరుకున్నాను.

లోన్ క్లోజ్ అయింది, బాకీ ఏమీ లేదని నో డ్యూస్ సర్టిఫికెట్ వచ్చింది. కాగితాలు హైదరాబాద్ నుంచి రావాలి, మెసేజ్ వస్తుంది, వచ్చాక ఇద్దరూ కలిసి వచ్చి సంతకాలు పెట్టండి అన్నారు. మెసేజ్ రాలేదు గానీ మరుసటి నెల ఈఎంఐ మాత్రం ఠంచనుగా అకౌంట్లో కట్ అయింది. లేని లోన్‌కి కంతు! అది వెనక్కి వేయించుకోవడం వేరే కథ. అది త్వరగానే తేలిపోయింది కాబట్టి వదిలేస్తున్నాను.

బ్రాంచిలో నన్ను ఎవరూ కసురుకోలేదు. ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. మేనేజరు ఒడిశా కుర్రాడు, వచ్చీరాని తెలుగులో 'కూర్చోండి మేడమ్' అని కుర్చీ చూపించేవాడు. కౌంటర్లో అబ్బాయి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. కానీ ఎవర్ని కదిలించినా 'అది మా చేతిలో లేదు మేడమ్' అనే మాటే. కాగితాలు మేం పెట్టింది మీ చేతిలో. మీ చేతిలో లేకపోతే ఎవరి చేతిలో ఉన్నట్టు? 'సెంట్రల్ సెల్'. దానికి ఫోన్ నంబరు ఉండదా? 'కస్టమర్లకు ఇవ్వరు మేడమ్.' మీరైనా చేయొచ్చుగా? 'మేము మెయిలే పెట్టాలి మేడమ్.' పోనీ ఆ మెయిల్ నాకు చూపిస్తారా అంటే నవ్వి ఊరుకున్నాడు. అదే కుర్చీలో కూర్చోబెట్టి మా అమ్మాయి పేర ఒక పాలసీ, మా వారి పేర ఒక పాలసీ తీసుకోమని కాగితం మీద లెక్కలు వేసి చూపించాడు. టార్గెట్లు ఉంటాయి, పాపం, తెలుసు. కొట్టు నడిపేదాన్ని, అమ్ముకునేవాళ్ళ తిప్పలు నాకు తెలియకపోవు. అయినా నాది నాకివ్వని చోట కొత్తది కొనమంటే ఎవరికి బుద్ధి పుడుతుంది?

కాల్ సెంటర్ సంగతి ఇంకో రకం. తెలుగు కావాలంటే ఏదో అంకె నొక్కమంటుంది. నొక్కితే పాట, పాట అయ్యాక హిందీ. ఎలాగో తెలుగు మనిషి దొరికి, చెప్పిందంతా ఓపిగ్గా విని, 'మీ బ్రాంచిని సంప్రదించండి' అంటారు. ఫోన్ పెట్టేసిన కాసేపటికి మీ ఫిర్యాదు పరిష్కరించాం, మా సేవకు మార్కులు వేయండి అని మెసేజ్. అది చాలదన్నట్టు మధ్యాహ్నం భోజనాల వేళ అదే బ్యాంకు నుంచి ఇంకో అమ్మాయి. 'మేడమ్, కంగ్రాచ్యులేషన్స్, మీ హోమ్ లోన్ మీద టాప్-అప్ లోన్ శాంక్షన్ అయింది.' ఏ హోమ్ లోనమ్మా, అది తీరిపోయిందిగా అంటే, 'మా సిస్టంలో చూపిస్తోంది మేడమ్' అంది. చేతిలో ముద్ద పట్టుకుని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చివరికి కవరు వచ్చిందని మెసేజ్ వచ్చింది. మా వారు సెలవు పెట్టారు, ఇద్దరం వెళ్ళాం. కౌంటర్లో అబ్బాయి సీలు చింపి ఒక్కో కాగితం తీసి టేబుల్ మీద పరిచాడు. సెటిల్‌మెంట్ దస్తావేజు ఉంది. ప్లాను ఉంది. ఈసీ ఉంది. కవరు తలకిందులు చేసి దులిపాడు. మావయ్యగారి దస్తావేజు లేదు.

'అది జిరాక్స్ ఇచ్చి ఉంటారు మేడమ్.'

బీరువాలోంచి తెచ్చిన లిస్టు తీసి ముందు పెట్టాను. క్రయ దస్తావేజు, 1987, ఒరిజినల్, పేజీల సంఖ్యతో సహా. కింద వాళ్ళ ముద్ర, వాళ్ళ ఆఫీసరు సంతకం. ఆ అబ్బాయి లిస్టు వైపు చూసి, మా వైపు చూసి, లిస్టు పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో ఒక ఫార్మాట్ ఉంది. మేం ఫలానా దస్తావేజు పోగొట్టుకున్నామని పోలీస్ స్టేషన్లో కంప్లైంట్ ఇవ్వాలట, పేపర్లో ప్రకటన వేయించాలట, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోవాలట. అన్నీ మా ఖర్చుతో. 'నకలుకి కూడా అంతే విలువ మేడమ్, ఏం ఇబ్బంది ఉండదు' అన్నాడు. మా వారు పెన్ను తీశారు కూడా. బ్యాంకుతో గొడవెందుకు, పోనీలే అనే రకం ఆయన. నేను ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, ఆలోచించి చెబుతామని లేచాను.

నేరుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర మాకు తెలిసిన డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్ళాం. ఆ ఫార్మాట్ చదివి అద్దాలు తీసి పక్కన పెట్టాడు. 'అక్కా, పోగొట్టింది ఎవరు? సంతకం ఎవరు పెడుతున్నారు? మీ దగ్గర పోయిందని మీరే రాసిచ్చాక రేపు బ్యాంకుని అడగడానికి ఏం మిగులుతుంది?' అన్నాడు. నకలు వస్తుంది, అది నిజమే. కానీ ఆస్తి ముందు ఎవరి నుంచి వచ్చిందో చూపే లింకు డాక్యుమెంట్ ఒరిజినల్ లేదంటే కొనేవాళ్ళకి అనుమానం, ఇంకెక్కడో తాకట్టు పెట్టారేమోనని. సత్తెనపల్లి ఆయనకి ఫోన్ చేస్తే ఆయనా అదే అన్నారు. 'చెల్లెమ్మా, మీ మీద నమ్మకం లేక కాదు. రేపు నేను లోన్‌కి వెళ్తే నన్నూ ఇదే అడుగుతారు కదా.' తప్పేం లేదు, ఆయన చోట నేనున్నా అంతే అంటాను.

రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ఉందని చెప్పింది కూడా ఆ డాక్యుమెంట్ రైటరే. 2023 సెప్టెంబర్ 13న ఇచ్చింది, ఆ డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. మా అమ్మాయి ఫోన్లో తీసి చదివి వినిపించింది. లోన్ మొత్తం తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ అన్నీ తిరిగి ఇవ్వాలి, రిజిస్ట్రీల్లో నమోదైన తనఖా కూడా తీసేయించాలి. తప్పు బ్యాంకుదైతే ఆలస్యానికి రోజుకు 5,000 రూపాయల చొప్పున మనకి కట్టాలి. కాగితాలు పోయినా, పాడైనా, నకళ్ళు సంపాదించడంలో బ్యాంకే సాయం చేయాలి, ఆ ఖర్చూ బ్యాంకే పెట్టుకోవాలి. ఇందులో పోలీస్ స్టేషన్‌కి మమ్మల్ని వెళ్ళమన్న మాట ఎక్కడా లేదు. ఆలస్యమైతే ఎందుకైందో బ్యాంకే మనకి చెప్పాలని కూడా ఉంది. నాకు ఒక్కరూ చెప్పలేదు, నేనే అడుక్కుంటూ తిరిగాను.

ఉత్తరం తెలుగులోనే రాశాను, రెండు కాపీలు. లోన్ నంబరు, క్లోజ్ చేసిన తేదీ, లిస్టు జిరాక్స్, సర్క్యులర్ తేదీ, పోయిన దస్తావేజు వివరం. ఒకటి వాళ్ళకిచ్చి రెండో దాని మీద ముద్ర వేయమన్నాను. కౌంటర్లో అబ్బాయి 'మెయిల్ పెట్టండి మేడమ్, ముద్రలు ఇప్పుడు వేయడం లేదు' అన్నాడు. వెనక్కి జరిగి కుర్చీలో కూర్చున్నాను. అవతల కొట్లో మా పనమ్మాయి ఒక్కతే ఉంది, పెళ్ళిళ్ళ సీజను. అయినా కూర్చున్నాను. చాలాసేపటికి డ్రాయర్లోంచి ముద్ర తీశాడు. తేదీ పాతదే ఉంటే పంటి పుల్లతో చక్రం తిప్పి సరిచేశాడు. ఇంకు ఆరిపోయిన ప్యాడ్ మీద ముద్రని అటూ ఇటూ రుద్ది ఒక్కటి గుద్దాడు, సగమే పడింది. 'ఇంకోటి వేయి బాబూ, తేదీ కనపడాలి' అన్నాను. వేశాడు. సంతకం అడిగితే ఒక గీత గీశాడు. పేరు కూడా రాయించుకున్నాను.

ఆ సగం ముద్రకున్న బలం ఎంతో తర్వాత తెలిసింది. బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళాలంటే ముందు బ్యాంకుకి ఫిర్యాదు చేసి ఉండాలి. 30 రోజుల్లో వాళ్ళు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మనకి నచ్చకపోయినా అప్పుడు వెళ్ళొచ్చు. వట్టి నోటిమాటగా అడిగినవన్నీ గాల్లో కలిసిపోయినట్టే. ఫోన్ కాల్స్‌కి ఫిర్యాదు నంబర్లు ఇస్తారు గానీ, వాళ్ళే మూసేస్తారుగా. 2021 నవంబర్‌లో రిజర్వ్ బ్యాంకు అన్నిటికీ కలిపి ఒకే అంబుడ్స్‌మన్ స్కీము పెట్టింది, సీఎంఎస్ అనే వాళ్ళ ఫిర్యాదుల వెబ్‌సైట్లో ఇంట్లో కూర్చునే ఫిర్యాదు పెట్టుకోవచ్చు. పైసా ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తెలియకపోతే 14448కి ఫోన్ చేస్తే చెబుతారు. బ్యాంకు నుంచి జవాబు రాలేదు. గడువు దాటిన మర్నాడు రాత్రి కొట్టు కట్టేశాక నేను, మా అమ్మాయి కూర్చుని ఫిర్యాదు పెట్టాం. ముద్ర పడిన కాపీ, లిస్టు, మమ్మల్ని సంతకం పెట్టమన్న ఆ ఫార్మాట్ కూడా జత చేశాం. ఆ ఫార్మాట్ మడిచి బ్యాగులో వేసుకున్నది అందుకే.

తర్వాత జరిగింది చూస్తే ఒళ్ళు మండుతుంది. అన్నాళ్ళు నంబరే లేదన్న సెంట్రల్ సెల్ నుంచి నాకే ఫోన్ వచ్చింది, చక్కటి తెలుగులో. రీజనల్ ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసరు 'అమ్మా, మీరు కంగారు పడకండి' అన్నారు. ఉగాది పచ్చడి తిన్న వారంలో దస్తావేజు దొరికింది. ఎక్కడ? ఇంకెవరిదో కవర్లో. లోన్ నంబర్లో రెండు అంకెలు అటుదిటు అయ్యాయట. మా కొట్లో ఫాల్ కుట్టడానికి ఇచ్చిన చీరకి పేరు, నంబరు రాసి చీటీ పిన్ను చేస్తాం. శ్రావణమాసంలో చీరలు గుట్టలుగా పడి ఉంటాయి, అయినా ఒకరి చీర ఇంకొకరి సంచిలోకి పోదు. వీళ్ళు ఇళ్ళ కాగితాలకి ఆ మాత్రం చీటీ పెట్టుకోలేకపోయారు. ఆ రెండో కవరు వాళ్ళ లోన్ ఇంకా నడుస్తోంది కాబట్టి సరిపోయింది. అదే తీరిపోయి ఉంటే మా దస్తావేజు ఏ ఊరికి వెళ్ళేదో!

దస్తావేజు అంచులు పసుపుపచ్చగా మారాయి. చేతిరాత దస్తావేజు అది. ప్రతి పేజీ కింద స్థలం అమ్మినాయన సంతకం, మొదటి అక్షరం పెద్దగా, తర్వాతివన్నీ ఇరుకిరుగ్గా. మా వారు పేజీలు తిప్పుతూ లెక్కపెట్టుకున్నారు. నేను లిస్టుతో సరిచూశాను. అప్పుడు మేనేజరు ఇంకో కాగితం ముందుకు జరిపాడు. కాగితాలన్నీ సకాలంలో అందాయి, పూర్తిగా సంతృప్తి చెందాను, ఇక ఎలాంటి క్లెయిమూ లేదు అని. 'రొటీన్ మేడమ్' అన్నాడు. అందులో 'సకాలంలో' నుంచి చివరిదాకా కొట్టేసి, పక్కన 'ఒరిజినల్ దస్తావేజు ఈ రోజు అందింది' అని తేదీ వేసి సంతకం పెట్టాను. మా వారు కూడా నా కిందే పెట్టారు, ఈసారి నన్ను ఆపలేదు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా రద్దుకి బ్యాంకు మనిషి వచ్చాడు. సత్తెనపల్లి ఆయన గడువు పొడిగించి ఆగారు, రిజిస్ట్రేషన్ అయిపోయింది. పట్టాభిపురం డాబాకి సున్నాలు వేయిస్తున్నాం.

తేలనిది పరిహారం ఒక్కటే. కాగితం పోతే బ్యాంకుకి ఇంకో 30 రోజులు అదనంగా ఇస్తుంది ఆ సర్క్యులర్. అంటే 60 రోజుల తర్వాతే రోజుకు 5,000 లెక్క మొదలవుతుంది. బ్యాంకు ఆ లెక్క పట్టుకుంది. నేననేది, ఆ అదనపు గడువు పోయిన కాగితానికి నకళ్ళు సంపాదించే పనికిచ్చింది. మాది పోలేదు, మీ కవర్లోనే ఉంది. పోయిందని మీరు ఒక్క ముక్క రాసివ్వలేదు, నకలు తేవడానికి ఒక్క అడుగు వేయలేదు, పైగా మమ్మల్నే పోగొట్టుకున్నామని రాయమన్నారు. కాబట్టి లెక్క 31వ రోజు నుంచే. ఈ రెండు లెక్కలకీ తేడా లక్షన్నర. సగంలో రాజీ పడదామని రీజనల్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆ మాటేదో రాతలో పెట్టండి, చూస్తానన్నాను. ఇంతవరకు పెట్టలేదు. ఫైలు అంబుడ్స్‌మన్ దగ్గరే ఉంది.