ద కీ ధ కీ మధ్య ఒక రెప్పపాటు

పోయిన ఏడాది జనవరిలో ఒక స్కూలు వార్షికోత్సవం కార్డు నా చేతి మీదుగా ప్రింటుకు వెళ్ళింది. 'బహుమతి ప్రదానోత్సవం' అని ఉండాల్సిన చోట 'ప్రధానోత్సవం' అని పడింది. 500 కార్డులు. చేయించుకున్నది రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. "ఇరవై ఏళ్ళుగా నీ దగ్గరే చేయిస్తున్నానమ్మా, నీకు ఈ తేడా తెలియదంటే నమ్మను. ముందు కళ్ళు చూపించుకో" అన్నారు.

తెలియక కాదు. విజయవాడ గాంధీనగర్‌లో డీటీపీ పని నాది. పొద్దున పదింటికి స్క్రీన్ ముందు కూర్చుంటే సాయంత్రం ఏడింటికి లేస్తాను. మధ్యాహ్నం నాలుగు దాటితే ధ అడుగునుండే చిన్న గీత కనిపించడం మానేసేది. రెప్ప వేస్తే మళ్ళీ వచ్చేది, నాలుగంకెలు లెక్కపెట్టేలోగా చెదిరిపోయేది. ప, ఫ కూడా అంతే. అద్దాలు మార్పించాను, తేడా లేదు. మంట, ఇసుక పోసినట్టు గరగర, దాని మీద ధారగా నీళ్ళు. దీన్నే పొడికన్ను అంటారని తర్వాత తెలిసింది. ఇంట్లో గొడవపడి వచ్చానేమోనని ఆఫీసులో పక్క సీటు అమ్మాయి రెండుసార్లు అడిగింది కూడా.

డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్ళానా అంటే లేదు. మెడికల్ షాపుకి వెళ్ళాను. ఎర్రగా ఉన్నాయండీ అంటే ఒక సీసా ఇచ్చాడు. వేసుకున్న పది నిమిషాల్లో కళ్ళు మల్లెపూల్లా తెల్లబడ్డాయి. వారం రోజులు సంబరపడ్డాను. రెండో వారానికి మందు దిగిపోగానే ముందుకంటే ఎక్కువ ఎర్రబడటం మొదలైంది. అది నాఫాజోలిన్ అనీ, రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుందే తప్ప కంటికి తడి ఇవ్వదనీ, ఆపగానే నాళాలు మళ్ళీ ఉబ్బుతాయనీ తర్వాత తెలిసింది. అద్దంలో చూసుకునే వాళ్ళకి మందు అది, మంటతో బాధపడే వాళ్ళకి కాదు.

తర్వాత కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం. కృత్రిమ కన్నీళ్ళు అంటారే, అవి. హాయిగా ఉండేది, కానీ అరగంటే. ఆ హాయి కోసం రోజుకు పదిసార్లు వేసుకునేదాన్ని, ఒక్కోసారి రెండేసి చుక్కలు. రెండో చుక్క చెంప మీదకి పోవడానికే. కంటిలో మామూలుగా ఉండే తడి చుక్కలో నాలుగో వంతు కూడా ఉండదట. 1 శాతం జెల్ లాంటిది తెచ్చాను. అది బాగా నిలిచింది గానీ వేసుకున్నాక పావుగంట పేజీ మొత్తం నీళ్ళలో మునిగినట్టుండేది. రాత్రి పడుకునే ముందుకి దాన్ని మార్చాను. ఏ రోజు ఏ సీసా, ఎన్నిసార్లు, నాలుగింటికి ధ కనిపించిందా లేదా, ఇవన్నీ పాత డైరీలో రాయడం మొదలుపెట్టాను. మా ఆయన దాన్ని కన్నీళ్ళ ఖాతా అంటారు.

అదే సమయంలో ఇంట్లో వైద్యాలు నడిచాయి. అమ్మ బందరు నుంచి వచ్చి రాత్రిళ్ళు రెప్పల మీద నందివర్ధనం పూలు పెట్టింది. చల్లగా ఉంటాయి, నిద్ర బాగా పట్టింది, అంతకుమించి వాటికి పరీక్ష పెట్టకూడదు. వారానికి మూడుసార్లు పొన్నగంటి కూర. పేరులోనే కన్ను ఉందని అమ్మ వాదన. విటమిన్ ఎ తక్కువైతే రేచీకటి వస్తుంది, కళ్ళు పొడిబారతాయి కూడా, అది నిజమే. నాకు ఆ లోపం లేదు, కాబట్టి ఆకుకూర కూరగానే మిగిలింది. ఆముదం కంట్లో వేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు.

తమ్ముడు ఒమేగా-3 డబ్బా ఒకటి, ల్యూటీన్ మాత్రలు ఇంకోటి తెచ్చి ఇచ్చాడు. మూడు నెలలు వేసుకున్నాను. ఖాతాలో ఒక్క గడి మారలేదు. చేప తేన్పులు మాత్రం రోజూ వచ్చాయి. ఇంత నీచు వాసన బందరులో పుట్టిన నేనే భరించలేకపోయాను. మా చెల్లెలి కొడుకు ఫార్మసీ చదువుతున్నాడు. డబ్బా తిప్పి చూసి, "పెద్దమ్మా, ముందు 1000 అని పెద్దక్షరాల్లో ఉంది, వెనక చదివావా?" అన్నాడు. 1000 మిల్లీగ్రాములు చేపనూనె, అందులో అసలు ఒమేగా-3 300. అమెరికాలో డ్రీమ్ అనే అధ్యయనంలో 535 మందిని ఏడాది పాటు చూశారట, 2018లో ఫలితాలు వచ్చాయి. కొందరికి రోజుకు 3000 మిల్లీగ్రాముల ఒమేగా-3, అంటే నా లెక్కలో పది మాత్రలు. మిగతావాళ్ళకి ఉత్త ఆలివ్ నూనె. రెండు గుంపుల్లోనూ బాధ తగ్గింది, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా మాత్రం లేదు. ల్యూటీన్ సంగతి అడిగితే, అది కంటి వెనకుండే రెటీనా కోసం, నీ గొడవ కంటి పైన కదా అన్నాడు. కానాగంతల పులుసు తింటే సరిపోయేదానికి ఇన్ని డబ్బులు పోశానా అనిపించింది. పులుసు వల్ల కళ్ళు బాగుపడతాయని కాదు, కనీసం రుచిగా ఉంటుంది.

చివరికి ఏప్రిల్లో సూర్యారావుపేటలో ఒక కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. సీసాలన్నీ సంచిలో వేసుకునే వెళ్ళాను. ఆవిడ వాటిని బల్ల మీద వరుసగా పేర్చి, "వీటిలో దేనికోసం ఏది కొన్నారమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాలు కూర్చోబెట్టారు. 14 మిల్లీమీటర్లు తడిసింది. తర్వాత పసుపు రంగు వేసి, రెప్ప వేయకుండా ఉండమని నీలి దీపంలో చూశారు. నాలుగో సెకనుకే తడి పొర చిట్లిపోయింది, పది సెకన్లు ఆగాలట. అంటే కన్నీళ్ళు సరిపడా ఉన్నాయి, నిలవడం లేదు. నీళ్ళ మీద పల్చటి నూనె పొర ఉండాలి, ఆ నూనె ఊరే గ్రంథులు రెప్పల అంచుల్లో పదుల కొద్దీ ఉంటాయి. నావి మూసుకుపోయాయి. నూనె లేకపోతే నీళ్ళు ఆవిరైపోతాయి, కన్ను మండుతుంది, మంటకి కళ్ళు ధారగా కారతాయి. పొడికన్ను ఏడవడం వెనకున్న తిరకాసు ఇది. "చలికాలంలో కొబ్బరినూనె సీసా చూశారా? మీ రెప్పల్లో అదే పరిస్థితి" అన్నారావిడ. ఇన్ని నెలల్లో నాకు పూర్తిగా అర్థమైన మొదటి మాట అదే.

నోరు ఎండుతుందా, కీళ్ళు నొప్పులా అని అడిగారు, షోగ్రెన్ అనే జబ్బు ఉందేమోనని. లేవన్నాను. రోజూ ఏం మందులు వాడతారు అంటే ఏమీ లేవన్నాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, కాగితం దుమ్ముకి తుమ్ములని రాత్రిపూట సెట్రిజిన్ వేసుకుంటున్నాను. ఫోన్ చేసి చెబితే, అది కూడా కళ్ళను ఎండబెడుతుంది, రోజూ వేసుకోవద్దన్నారు. మాత్రలంటే బీపీ, షుగర్ మాత్రమే అనుకునే అలవాటు మనది.

సీసాల్లో ఒకటి తప్ప అన్నీ తీసేయమన్నారు. చాలావాటిలో చెడిపోకుండా బెంజాల్కోనియం క్లోరైడ్ కలుపుతారు, రోజుకు పదిసార్లు పడితే అదే కంటి పైపొరని గీరేస్తుంది. బదులుగా ప్రిజర్వేటివ్ లేని సోడియం హైలురోనేట్, ప్లాస్టిక్ వయల్స్ పట్టీలుగా వస్తాయి, తుంచి వాడి పారేయడమే. ఖరీదు ఎక్కువ. మిగిలింది రేపటికి దాచుకుందామని ఒకసారి మూతపెడుతుంటే చెల్లెలి కొడుకు చేతిలోంచి లాక్కున్నాడు. అమెరికాలో ప్రిజర్వేటివ్ లేకుండా మామూలు సీసాల్లో అమ్మిన చుక్కలు సూడోమోనాస్ బ్యాక్టీరియాతో కలుషితమయ్యాయని 2023లో బయటపడింది. చూపు పోయినవాళ్ళున్నారు, ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. అవి తయారైంది మన పక్కనే, తమిళనాడులో. ఆ తర్వాత ఎప్పుడూ దాచలేదు.

అసలు మందు కాపడం. రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు. తడి తువ్వాలు రెండు నిమిషాలకే చల్లారిపోయేది. బియ్యం మూట కట్టి పెనం మీద వెచ్చబెట్టి, మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకుని పెట్టుకుంటే వేడి నిలిచింది. తర్వాత వేలితో రెప్పను అంచు వైపు మెల్లగా నొక్కాలి. మొదటి మూడు వారాలు ఖాతాలో ఏమీ కనిపించలేదు, మానేద్దామనుకున్నాను. ఐదో వారం ఒక రోజు నాలుగున్నరకి ఛందస్సు పుస్తకం పేజీ చేస్తూ, చుక్కలు వేసుకోవడం మర్చిపోయానని ఆరింటికి గుర్తొచ్చింది.

ఆఫీసులో ఏసీ గాలి సరిగ్గా నా మొహం మీదకే వచ్చేది. బల్ల జరపడానికి ఓనరుతో పది రోజులు పోరాడాను. మానిటర్ కిందికి దించాను, చూపు దిగువకి ఉంటే రెప్పలు కాస్త వాలి కన్ను తక్కువ తెరుచుకుంటుంది. దాని అంచుకి 'రెప్ప వెయ్' అని 36 పాయింట్లలో ప్రింటు తీసి అంటించాను. మొదట్లో పక్క సీటు అమ్మాయి నవ్వింది. ఇప్పుడు ఆమె మానిటర్‌కీ ఒకటుంది.

పూర్తిగా తగ్గలేదు. మే నెలలో రాత్రంతా ఫ్యాన్ కింద పడుకుంటే పొద్దున రెప్పలు అతుక్కుంటున్నాయి. చుక్కలు రోజుకు పది నుంచి మూడుకి వచ్చాయి. ఈ జనవరిలో మాస్టారు మళ్ళీ కార్డు తెచ్చారు. ఆ ఒక్క పదం తెర మీద పెద్దది చేసి ఆయనకే చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

ఒమేగా డబ్బా మూత గట్టిది, చీమ కూడా దూరదు. అందులో మెంతులు పోసుకున్నాను.