టీ ఒలికిన గేమ్ కంట్రోలర్
మా అబ్బాయి ఆటలో ఉండగా టీ గ్లాసు ఒరిగి కంట్రోలర్ మీద పడింది. విప్పి చూస్తే సర్క్యూట్ బోర్డు మీద పాలూ చక్కెరా ఎండి జిగురుగా అంటుకుని ఉన్నాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని బ్రష్‌తో తుడిచాక బటన్లన్నీ పనిచేశాయి గానీ, ఎవరూ ముట్టుకోకపోయినా తెర మీది బొమ్మ ఎడమవైపు నడుస్తూనే ఉంది. ఇది టీ ఒలకక ముందు నుంచీ ఉన్న సమస్యే: బొమ్మను నడిపే స్టిక్ కింద, దాని స్థానాన్ని వోల్టేజీగా మార్చే పొటెన్షియోమీటర్ అనే భాగంలో లోహపు ముక్క కార్బన్ పూత మీద నిరంతరం రాసుకోవడం వల్ల ఆ పూత అరిగి, స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు రావలసిన వోల్టేజీ మారిపోతుంది. రాపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సార్లను 1998 నాటి సెగా డ్రీమ్‌కాస్ట్ అనే గేమ్ యంత్రపు కంట్రోలర్‌లోనే వాడారు. నేటికీ అవి అన్ని కంట్రోలర్లలో లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. పాత భాగాన్ని, దాని టంకం కరిగించి, తీసేసి, హాల్ సెన్సార్ స్టిక్ అమర్చాను. క్యాలిబ్రేషన్ (స్టిక్ మధ్యస్థానాన్ని సరిచేయడం) తరవాత బొమ్మ కదలకుండా నిలిచింది.