రైలు రాని ప్లాట్‌ఫారం

సొరంగంలోకి సైకిల్ దూరగానే దీపాలు వాటంతటవే వెలిగాయి. ఎవరూ లేరు కదా అని గట్టిగా "ఓ..." అని అరిచాను. అవతలి నుంచి ఎవరో ఇంకా గట్టిగా "ఓ..." అన్నారు. నడిమధ్యలో ఎదురైంది, డెబ్బయ్యేళ్లుండే పెద్దావిడ. సైకిల్ మీద, అదీ ఎగువకు! నవ్వుతూ వెళ్లిపోయింది.

చిన్నప్పుడు అరకు రైల్లో ప్రతి సొరంగంలోనూ అరిచిన గొంతు నాది. ఈ దారీ ఒకప్పుడు రైలుదే. ఇటలీ ఈశాన్య కొనలో, 1879 నాటి పొంటెబ్బా లైను. రైళ్లు కొత్త సొరంగాలకు మారాక ఇక్కడ పట్టాలు తీసి తారు పరిచారు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నుంచి సముద్రపు ఒడ్డున గ్రాదో దాకా సాగే 410 కిలోమీటర్ల ఆల్పే అడ్రియా సైకిల్ దారిలో ఇదొక ముక్క.

నేను తొక్కింది తర్విసియో నుంచి కియుసాఫోర్తె వరకే. దాదాపు అంతా దిగుడే, గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. రైలు కోసం వేసిన మెల్లటి వాలు కదా, బ్రేకుతో కూడా పెద్దగా పనిపడలేదు.

పక్కనే ఫెల్లా నది, పచ్చా కాని నీలమూ కాని రంగులో. ఒక్క కారు లేదు, హారన్ లేదు. అయినా మొదటి గంటంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను, ఏ లారీ వస్తుందోనని. హైదరాబాద్‌లో సైకిల్ తొక్కిన మెడ మరి!

కియుసాఫోర్తె స్టేషన్ ఇప్పుడు కాఫీ కొట్టు. రెండో కాఫీ చెప్పి ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. పట్టాలుండాల్సిన చోట నాలుగేళ్ల పిల్ల మూడు చక్రాల బండి తొక్కుతోంది, నోటితో కూత పెడుతూ.