ఓర్వియెతోలో మళ్లీ కారు నేర్చుకున్నాను
అమెరికా పౌరురాలిగా ఒహాయో నుంచి వచ్చి, ఇటలీలోని ఓర్వియెతోలో స్థిరపడి రెండేళ్లు దాటింది. నిన్న ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు నా చేతికి వచ్చింది. అమెరికా లైసెన్సును మార్చి ఇచ్చే ఒప్పందం ఇటలీతో లేనందున, నివాసం నమోదు చేసుకున్న ఏడాది తర్వాత అది ఇక్కడ చెల్లదు. ఇరవై ఏళ్లు కారు నడిపిన నేను మళ్లీ మొదటి నుంచి రాతపరీక్షకు చదవవలసి వచ్చింది. 20 నిమిషాల్లో 30 వాక్యాలు ఒప్పో తప్పో గుర్తించాలి. మూడుకు మించి పొరపాట్లు ఉండకూడదు. ఇంగ్లిషులో రాసే వీలు లేదు.

మొదటిసారి తప్పాను, చాలా బాధపడ్డాను. ఆ సంగతి విన్న పక్కింటి పెద్దావిడ ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం తన వంటింటి బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టి, ఒక్కో వాక్యాన్నీ నిదానంగా చదివి వినిపించేవారు. ఇటాలియన్ మాటలు కూడా మన తెలుగులాగే ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక, అర్థం తెలియకముందే నా చెవికి ఆ భాష దగ్గరైంది.

గురు, శనివారాల్లో పోపోలో కూడలిలో జరిగే సంతకు కూడా ఆవిడే తీసుకెళ్లారు. టమాటాలు ఈ రోజుకా, రేపటికా అని అడిగి మరీ ఏరి ఇచ్చే అమ్మకందారును నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

వచ్చే ఆదివారం ఆవిడను బోల్సేనా సరస్సుకు నా కారులో తీసుకువెళ్తున్నాను.