చలికాలంలో ఎత్తుమడులకు నీళ్లు: నా అనుభవం

ఎత్తుమడులు కట్టుకున్న మొదటి ఏడాది వేసవంతా రోజూ నీళ్లు పోశాను. అప్పుడు పోయక తప్పదు. మడిలో మన్ను నేలమట్టానికి పైన ఉంటుంది కాబట్టి నీళ్లు తొందరగా కిందికి దిగిపోతాయి, పక్కల నుంచి వేడీ గాలీ తగులుతాయి. చలి మొదలయ్యాక కూడా ఆ అలవాటే సాగింది. నావి రెండు మడులు, ఒక్కొక్కటి 1.2 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల పొడవు. ఒకదాంట్లో క్యాబేజీ, పాలకూర. రెండోదాంట్లో బఠానీ, కాస్త ఆలస్యంగా నాటిన టమాటా.

చలి ముదిరాక ఒక పొద్దున చూస్తే టమాటా ఆకులు వేలాడుతున్నాయి. బెట్టకొచ్చాయనుకుని రెండు క్యాన్ల నీళ్లు పోశాను. మర్నాడూ అలాగే ఉన్నాయి, మళ్లీ రెండు క్యాన్లు. వారం తిరిగేసరికి కింది ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. ఎరువు చాలలేదేమోనని కూడా అనుమానపడ్డాను. చివరికి ఒక మొక్కను పీకి చూస్తే అసలు సంగతి తెలిసింది. వేర్లు గోధుమరంగుకు తిరిగి మెత్తబడ్డాయి. ఒక వేరు పట్టి లాగితే పైతోలు ఊడొచ్చి లోపలి దారం లాంటి నార మాత్రం మిగిలింది. మన్ను ముక్కిన వాసన కొడుతోంది. వేరుకుళ్లు! నాలుగు మొక్కలు పోయాయి. నారు దశ నుంచి నా చేతులతో పెంచుకున్నవి, చాలా బాధేసింది.

తడి మన్నులో ఉన్న మొక్క ఎందుకు వాడుతుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. మన్ను చల్లబడితే వేర్ల కణాల పొరలు నీటిని లోనికి రానివ్వడం తగ్గుతుంది. పైగా నీళ్లే చిక్కబడతాయి: 25 డిగ్రీల దగ్గర కంటే 5 డిగ్రీల దగ్గర నీటి చిక్కదనం దాదాపు 1.7 రెట్లు ఎక్కువ. చలి ఓర్వలేని టమాటా, దోస లాంటి వాటికి ఇది మరీ కష్టం. ఎండ తగ్గినందువల్ల ఆవిరయ్యేది తక్కువ, మొక్క తాగేదీ తక్కువ. ఇక నేను పోసిన నీళ్లన్నీ మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోట నిలిచిపోయి వేర్లకు ఊపిరాడకుండా చేశాయి. క్యాబేజీ చలికి గట్టిదే, అయినా గడ్డకట్టే చలి పడిన పొద్దున దాని ఆకులూ వాలుతాయి. ఎండ తగిలాక వాటంతటవే లేస్తాయి. అందుకే ఇప్పుడు పొద్దున్నే ఆకును చూసి నిర్ణయం తీసుకోను.

మన్నును చూస్తాను. చూపుడువేలు 5 సెంటీమీటర్ల లోతుకు దించితే, పైపొర తెల్లగా ఎండి ఉన్నా లోపల చెమ్మ తగులుతుంది చాలాసార్లు. అక్కడి మన్ను పిడికిట్లో నొక్కితే ఉండకట్టి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అంతవరకు పదును, అంటే సరిపడా చెమ్మ, ఉన్నట్టే. ఇలా చూడటం మొదలెట్టాక రోజూ పోసే నీళ్లు ఎనిమిది, పది రోజులకో తడికి వచ్చాయి.

తర్వాత దీనికి పూర్తిగా ఎదురు తప్పు చేశాను. చలికి కాపుగా బఠానీ మడి మీద ప్లాస్టిక్ షీటు కప్పాను. రెండు వానలు పడ్డాయి, ఇంకేం, తడిసే ఉంటుందనుకున్నాను. షీటు మీద పడ్డ వాన మడిలోకి ఎలా వస్తుంది? అంచున తవ్వి చూస్తే 15 సెంటీమీటర్ల లోతున కూడా మన్ను పొడిపొడిగా ఉంది. గాలి కొట్టే వైపు, మడి చుట్టూ ఉన్న చెక్క వెంబడి మన్ను ముందు ఎండుతుంది. నేనెప్పుడూ మడి మధ్యలోనే వేలు పెట్టి చూసేదాన్ని. లెక్క కూడా అప్పుడే వేసుకున్నాను. చదరపు మీటరుకు 1 లీటరు పోస్తే 1 మిల్లీమీటరు వానతో సమానం. నా మడి 2.88 చదరపు మీటర్లు, అంటే 10 మిల్లీమీటర్ల తడికి దాదాపు 29 లీటర్లు, పది లీటర్ల క్యాన్‌తో మూడు. ఒక్క క్యాన్ చల్లి ఊరుకుంటే పైపైనే తడుస్తుంది. తక్కువసార్లు పోసినా, పోసినప్పుడు లోతుకు దిగేలా పోయాలి.

పోసే వేళ కూడా మార్చాను. పొద్దెక్కాక, పది పదకొండు గంటల మధ్య, ఆకులు తడవకుండా మొక్కల మొదళ్ల దగ్గరే పోస్తాను. సాయంత్రం పోస్తే ఆకులు రాత్రంతా తడిగా ఉండి తెగుళ్లు పట్టుకుంటాయి. రాత్రి గడ్డకట్టే చలి ఉంటుందని తెలిస్తే, మన్ను పొడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మధ్యాహ్నమే ఒక తడి ఇస్తాను. తడి మన్ను పగటి వేడిని పొడి మన్ను కంటే ఎక్కువ దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. పైన 5 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డి పరుస్తాను, కాండానికి తగలకుండా రెండు వేళ్ల దూరం వదిలి. పని అయ్యాక గొట్టంలో నీళ్లన్నీ వంపేస్తాను. ఒక రాత్రి లోపలి నీళ్లు గడ్డకట్టి దాని మూతి పగిలింది.

ఈ చలికి టమాటా పోయిన చోట వెల్లుల్లి వేశాను, మొలకలు బాగానే లేచాయి. గాలి వైపు అంచు వరస మాత్రం మిగతా మడి కంటే రెండు రోజులు ముందే ఎండుతోంది. ఆ వరసకు విడిగా అర క్యాన్ పోస్తున్నాను.